కెమేరాకు కాపలా



మాది అమరావతి చెంత కృష్ణ దక్షిణపుటొడ్డున నున్న పల్లె. మాఘ ఫాల్గుణములలో మా కల్లములన్నియు మిరపకాయతో ఎఱ్ఱబడి యుండును. పూర్వము రైతు మంచము వేసికొని, కుక్కను తోడుంచుకొని, అచ్చటనే పరుండెడివాడు. నాకు డెబ్బది యేండ్లు దాటినవి. మంచులో పరుండవలదని మా అబ్బాయి రెండు కెమేరాలు తెచ్చి, ఒకటి కల్లమునకును ఒకటి ఇంటి వసారాకును బిగించి, “నాన్నగారూ, పాస్‌వర్డొక్కటే మిగిలినది, మీ కిష్టమైనది పెట్టుకొనండి” అని బస్సెక్కెను.

ఇష్టమైనది! అమరేశ్వరుని పేరు వ్రాసితిని. పెద్దబడి అక్షరము లేదని త్రోసివేసెను. మన లిపిలో పెద్దబడి చిన్నబడి భేదమే లేదు గదా. తెలుగక్షరము నొక్కినచో ఆ యంత్రము పలుకనే లేదు. ఆంగ్లమున పెద్దబడి చేర్చితిని; అంకె లేదనెను. మనుమరాలు పుట్టిన సంవత్సరము చేర్చితిని, గుర్తు లేదనెను. ఒక గుర్తును పెట్టగా, ఆ గుర్తు చెల్లదనెను. అయిదవమారు అరగంట ఆగి రమ్మనెను. నేను విసిగి, కర్మాగారమువారు పెట్టి పంపిన మాటనే ఉంచితిని.

ఇది విని అబ్బాయి ఫోనులో కేకలు వేసినాడు. నాకు కోపము వచ్చినది గాని, వాడు చెప్పిన కథ విన్న పిదప నిద్ర రాలేదు. 2016లో మిరాయ్ అను దొంగ ప్రోగ్రాము పుట్టినది. అది కర్మాగారపు పేర్లును పాస్‌వర్డులును సుమారు 60 జతలు మాత్రమే చేతబట్టుకొని, లోకమందలి కెమేరాల తలుపులు తట్టెను. లక్షలాది యంత్రములు తెరచుకొన్నవి. అట్టి యంత్రములే దండుగా లేచి, ఆ సంవత్సరము అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టరు మొదలగు పెద్ద సంస్థలను కొన్ని గంటలపాటు అందకుండ చేసినవి. వసారా కెమేరాకు మా ఇంటి స్త్రీలు కూర్చుండు అరుగు కనబడును. ఇంతకాలము ఎవడు చూచుచుండెనో!

అయినను నా విసుగు పూర్తిగ అన్యాయము కాదు. పెద్దబడి, అంకె, గుర్తు అను ఈ నియమములకు మూలమైన పత్రమును 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థలో బిల్ బర్ అను ఉద్యోగి వ్రాసెను. దానికి తానే పశ్చాత్తాపపడుచున్నానని 2017లో ఆయన చెప్పెను. ఆ యేటనే ఆ సంస్థ త్రోవ మార్చి, కలగాపులగము కంటె పొడవు ముఖ్యమనెను. లెక్క వేసి చూచితిని: గ్రుడ్డిగ ఏరిన 12 చిన్నబడి అక్షరముల కూర్పులు, అన్నియు కలిపిన 8 స్థానముల కూర్పుల కంటె సుమారు 14 రెట్లు ఎక్కువ. బ్రిటనులో 2024 ఏప్రిలు 29 నుండి, అన్ని యంత్రములకు ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మరాదని చట్టము వచ్చినది. తప్పు కొన్నవానిది మాత్రమే కాదన్నమాట.

తుదకు ఒకదానితో ఒకటి పొంతనలేని నాలుగు మాటలు ఆంగ్లాక్షరములలో కూర్చితిని. యంత్రము మొండిది గనుక మొదట పెద్దబడి, చివర అంకె, గుర్తు తగిలించితిని. ఆ మాటలేవో రేడియోలో చెప్పను. కాగితముపై వ్రాసి, పొలము దస్తావేజులతో ఇనుపపెట్టెలో పెట్టి, నా యింటిదానికి చూపితిని. దూరదేశపు దొంగ నా పెట్టె తెరువలేడు. వసారా కెమేరాను మాత్రము అరుగునుండి వీధి గుమ్మము వైపునకు త్రిప్పించితిని.