బొమ్మల కథలలోని రాజులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున చదువరులను పెంచుచు వచ్చిన సంస్థకు రజతోత్సవము జరుగుచున్న ఈ శుభదినమున, భారత భాగవతములను గూర్చి ప్రసంగింపక బొమ్మల కథలను గూర్చి మాటలాడ బూనుట కొందఱు పెద్దలకు వింతగా తోపవచ్చును. కామిక్స్ అని పిలువబడు ఈ పుస్తకములు పిల్లల కాలక్షేపమునకు తప్ప మఱి దేనికిని అక్కఱకు రావని పలువురి అభిప్రాయము. కాని మన పిల్లలు వానిని చదువుచునే యున్నారు. వానినుండి తీసిన చలనచిత్రములను పెద్దలును చూచుచున్నారు. పదిమంది మనస్సులలో స్థానము సంపాదించుకొన్న దానిని పరిశీలింపక త్రోసివేయుట గ్రంథాలయమునకు తగిన పని కాదని నా విన్నపము.

బొమ్మలతో కథ చెప్పుట మనకు క్రొత్త కాదు. 1947 జులైలో మద్రాసునుండి నాగిరెడ్డి, చక్రపాణిగార్లు తెలుగునందును అరవమునందును వెలువరింప మొదలిడిన చందమామను చదివి పెరిగిన తరములు మనవి. ఆ కథలలో రాజులున్నారనిన వింత లేదు. మన దేశము రాజులు పాలించిన దేశము. వింత యేమనగా, 1776లోనే రాజును కాదని స్వతంత్రమైన అమెరికా దేశమున పుట్టిన బొమ్మల కథలలోను రాజులు పెక్కుమంది కనబడుదురు. రాజు వలదనుకొన్న జాతి తన బిడ్డలకు రాజుల కథలను ఏల చెప్పుకొనుచున్నది? నేటి నా ప్రసంగమున కిదియే మూలప్రశ్న.

1938లో వెలువడిన సూపర్‌మాన్ మహాబలశాలి. అయినను పాలకుడు కాడు. పగటివేళ పత్రికా విలేఖరిగా జీతమునకు పనిచేయును. మఱుసటి సంవత్సరము, అనగా 1939లో, బిల్ ఎవరెట్ అను చిత్రకారుడు నేమోర్ అను సముద్రలోకపు రాజకుమారుని సృష్టించెను. వాని తల్లి జలరాజ్యపు రాకుమారి. తండ్రి అమెరికా నావికుడు. వాడు ఒకప్పుడు న్యూయార్కు నగరముపై దండెత్తును, మఱొకప్పుడు ఆ నగరమువారితో చేయి కలుపును. 1962లో వెలువడిన కథలో తన రాజ్యము అణ్వస్త్ర పరీక్షలవలన పాడుపడుట చూచి మానవులపై పగబూనును. వానిని వీరుడనవలెనో ప్రతినాయకుడనవలెనో చదువరికి తేలదు. తన ప్రజల క్షేమము ఇతరుల క్షేమముతో ఢీకొన్నప్పుడు రాజు మనకు మంచివాడుగా కనబడునా, చెడ్డవాడుగా కనబడునా యనునది మనము ఏ యొడ్డున నిలిచియున్నామో దానిని బట్టి యుండును.

ఇట్టి పాలకులలో మిక్కిలి ప్రసిద్ధుడు డాక్టర్ డూమ్. 1962లో స్టాన్ లీ అను రచయితయు, జాక్ కర్బీ అను చిత్రకారుడును వానిని సృష్టించిరి. 1964లో వెలువడిన వార్షిక సంచికలో వాని పూర్వకథను వివరించిరి. ఐరోపాలో లాట్వేరియా అను కల్పిత దేశము. అచ్చట సంచారజాతియైన రోమా కుటుంబమున విక్టర్ జన్మించెను. తండ్రి వైద్యుడు. ప్రభువు భార్యను బ్రతికింపలేకపోయిన నేరమునకు ప్రాణభయముతో బిడ్డను తీసికొని మంచుకొండలకు పాఱిపోయి, తన వస్త్రములను బిడ్డకు కప్పి, చలికి మరణించెను. ఆ బిడ్డ పెరిగి అమెరికాలో విశ్వవిద్యాలయమున చేరి గొప్ప మేధావి యయ్యెను. కాని తాను నిర్మించిన యంత్రపు లెక్కలో తప్పున్నదని తోడి విద్యార్థి చెప్పగా వినడయ్యెను. యంత్రము పేలి ముఖము వికృతమయ్యెను. అటుపిమ్మట ఇనుప ముసుగు ధరించి స్వదేశమునకు తిరిగివచ్చి సింహాసనము నాక్రమించెను.

ఈ దొంగకు దేశము నిచ్చుటలో రచయితల నేర్పును గమనింపుడు. సామాన్యుడైన దుష్టుని పోలీసులు పట్టుకొందురు, న్యాయస్థానము శిక్షించును, కథ ముగియును. దేశాధినేతను పట్టుకొను పోలీసు ఎక్కడ? డూమ్‌కు న్యూయార్కులో రాయబార కార్యాలయము కలదు. వాడు నేరము చేసి ఆ గుమ్మము దాటి లోపలికి పోయినచో వీరులు వెలుపల నిలిచిపోవలసినదే. రాయబారుల రక్షణకు సంబంధించిన వియన్నా ఒప్పందము 1961లో కుదిరినది. దేశముల నడుమ శాంతికొఱకు ఏర్పడిన మర్యాద దుష్టునకు కవచము కాగలదని ఈ కథ పిల్లలకు సైతము తెలియునట్లు చెప్పినది.

అయితే లాట్వేరియాలో ఆకలి లేదు, దొంగతనము లేదు. ప్రజలు ఉత్సవములు చేసికొందురు. కాని భయముతో చేసికొందురు. 1982లో జాన్ బర్న్ రచించి చిత్రించిన కథ ఇంకను చిక్కు ప్రశ్న వేసినది. అంతకుముందు వీరులు డూమ్‌ను పడద్రోయగా, పాత రాజవంశమునకు చెందిన జోర్బా గద్దె నెక్కెను. డూమ్ తిరిగివచ్చి తన శత్రువులకే దేశమును చూపును. పట్టణము పాడుపడి యున్నది. ప్రజలు క్రొత్త రాజు పీడనకు లోనై యున్నారు. వారు పాత క్రూరుని చూచి సంతోషించిరి. అది చదివిన బాలుడు సహజముగా అడుగును: “అయితే డూమే మేలు కదా?”

ఈ ప్రశ్నకు మనము సమాధానము చెప్పగలిగి యుండవలెను. మన యిండ్లలోను, రచ్చబండలమీదను ఈ మాట వేఱు రూపమున వినబడుచునే యున్నది. గట్టివాడొక్కడు వచ్చి కొరడా పట్టిననే గాని దేశము బాగుపడదని చదువుకొన్నవారును అందురు. లాట్వేరియా ప్రజల దుఃఖము డూమ్ పోవుటవలన కలిగినది కాదు. యజమానిని మార్చుట తప్ప, తమ్ము తామే యేలుకొనుట వారికి ఎవ్వరును నేర్పలేదు. ఇరువది యేండ్లు నోరు మూసికొని బ్రతికిన జనము ఒక్క దినమున నోరు తెఱచి తమ హక్కు నడుగజాలదు. క్రూరుడైన పాలకుడు చేయు కీడులలో ఇది కంటికి కనబడనిది, అన్నింటికంటె ఆలస్యముగా మానునది.

1987లో వెలువడిన మఱియొక గ్రంథమున డూమ్ ప్రపంచమునకే చక్రవర్తి యగును. ఇతరుల చిత్తమును లోబఱచుకొను శక్తిగల యొకని చేజిక్కించుకొని, లోకులందఱును తనమాట విందురట్లు చేయును. యుద్ధములు ఆగిపోవును, ఆకలి తగ్గును. కాని దినదినము కాగితములు చూచుట, తగవులు తీర్చుట, ధాన్యము పంచుట వానికి విసుగు కలిగించును. చివరకు వీరులు ఎదిరింపగా, గెలిచిన రాజ్యమును నిలుపుకొను పట్టుదలయే వానికి కొఱవడెను. పంచాయతీలో పనిచేసిన పెద్దలు ఈ సంగతి నెఱుగుదురు. కాలువ పూడిక తీయించుట, బడికి పైకప్పు వేయించుట, మంచినీటి బావికి గిలక పెట్టించుట – పాలనమనగా ఇదియే. దీనిలో జయభేరులు మ్రోగవు. పరులను గెలుచుటయే ఆనందముగా గలవాడు ఈ పనికి పనికిరాడు.

ఇక మంచిరాజు సంగతి. డూమ్‌ను సృష్టించిన ఆ యిరువురే 1966లో బ్లాక్ పాంథర్ అను వీరుని సృష్టించిరి. వాని పేరు టిచల్లా. ఆఫ్రికాలోని వకాండా అను కల్పిత దేశమునకు రాజు. కాలమును గమనింపుడు. 1957లో ఘనా స్వతంత్రమయ్యెను. 1960వ సంవత్సరమొక్కటిలోనే పదునేడు ఆఫ్రికా దేశములు స్వాతంత్ర్యము పొందెను. పరులు వచ్చి గనులు త్రవ్వుకొనిపోయిన ఖండమున, తన భూమిలోని వైబ్రేనియమను అపూర్వలోహమును పరుల పాలు కానీయని దేశమొకటి యున్నట్లు ఊహించుట ఆనాడు సామాన్యమైన ఊహ కాదు. ఆ లోహముకొఱకు వచ్చిన క్లా అను తెల్లవాడు టిచల్లా తండ్రిని చంపెను. తండ్రిని పోగొట్టుకొని, విద్య నార్జించి, శాస్త్రజ్ఞుడై రాజైన విషయమున టిచల్లాకును డూమ్‌కును పోలిక కలదు. భేద మెక్కడ? డూమ్ తన లెక్కలోని తప్పును చూపినవానిని జన్మశత్రువుగా తలచెను. టిచల్లాకు తప్పు చెప్పువారు కలరు, అతడు వినును.

ఆ వినుట సులభముగా అబ్బినది కాదు. 1973 మొదలు 1975 వఱకు డాన్ మెక్‌గ్రెగర్ వ్రాసిన కథావళిలో, అమెరికాలో వీరకృత్యములు చేయుచు కాలము గడిపిన రాజు స్వదేశమునకు తిరిగివచ్చును. రాజు లేని రాజ్యమున కిల్‌మోంగర్ అనువాడు తిరుగుబాటు లేవదీసి యుండెను. సొంతవారే రాజును నిందింతురు: లోకమును కాపాడుచుంటివి, మమ్ము మఱచితివని. తుదకు జలపాతపుటంచున శత్రువును పడద్రోసి రాజును రక్షించినవాడు మహావీరుడు కాడు. ఆ తిరుగుబాటులో తండ్రిని పోగొట్టుకొన్న పసివాడు. 2016లో టా-నెహిసి కోట్స్ అను రచయిత ఈ కథను చేపట్టి మఱియొక మెట్టు ముందుకు నడిపించెను. రాజు మంచివాడే, అయినను మంచితనముపై మాత్రమే దేశము నాధారపడనీయవచ్చునా యని అచ్చటి అధ్యాపకుడొకడు ప్రశ్నించును, ప్రజలు తిరుగబడుదురు. తుదకు రాజు తన యధికారమును రాజ్యాంగమునకు లోబఱచుట కంగీకరించును. రాజు లేని దేశము రాజుల కథలను చెప్పుకొని, చెప్పుకొని, యాబది యేండ్లకు ఈ మాటకు వచ్చినది.

ఓటు ఉన్నంతమాత్రమున భయము లేదని తలపరాదు. సూపర్‌మాన్‌కు 1940నుండి శత్రువైన లెక్స్ లూథర్ 2000వ సంవత్సరపు కథలలో అమెరికా అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. దొంగతనముగా కాదు, ప్రజల ఓట్లతో. ధనము, చాతుర్యము, మంచిమాట కలవానిని ప్రజలు నమ్మిరి. ఏమరుపాటు కలిగిన ఓటరు డూమ్‌ను బలవంతము లేకయే గద్దె నెక్కింపగలడు.

ఈ యాలోచన పరదేశమునకే చెందినది కాదు. భాగవతమున వేనుని కథ మీ రెఱుగుదురు. యజ్ఞములను మాన్పించి తానే దేవుడనని విఱ్ఱవీగిన ఆ రాజును ఋషులు హుంకారముతో సంహరించిరి. వాని బాహువును మథింపగా పృథువు జన్మించెను. రాజును ధర్మము కట్టివేయవలెనని మన పూర్వులు నిర్ణయించిరి. అయితే తీర్పు చెప్పినవారు ఋషులు. 1950 జనవరి 26వ తేదీనుండి ఆ పని మన యందఱిది. ఋషులకు తపస్సు ఉండెను. మనకు చదువు ఉండవలెను. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు పల్లెపల్లెకు పుస్తకములను చేర్ప బూనుటలోని యంతరార్థ మిదియేయని నేను భావింతును.

కావున పెద్దలకు నా మనవి: బొమ్మల కథలను బీరువాలనుండి తొలగింపకుడు. బాలబాలికలకు నా మనవి: వానిని చదువుడు, ఆనందింపుడు. చదివినపిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ పాలకుని నియమించిన వారెవరు? వాని తప్పును వాని యెదుట చెప్పగలవా రెవరు? వాడు తొలగవలసివచ్చినచో, రక్తపాతము లేని దారి కలదా? ఈ మూడింటికి సమాధానము లేని రాజ్యమున ఎంత సుఖమున్నను అది అరువు సుఖమే. ఇవే ప్రశ్నలను రేపు మీరు పెద్దవారై నిజమైన పాలకులను గూర్చియు అడుగవలసియుండును. ఆ యభ్యాసము ఈ గదిలోని బల్లయొద్దనే మొదలు కాగలదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతజయంతిని జరుపుకొనుగాక యని ఆకాంక్షించుచున్నాను.