ఒక్క గిరాకీనే నమ్ముకోవద్దు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మా సంఘంలో పది మందిమి. అందులో నలుగురం టెన్త్ దాకా చదివాం. ఆ చదువు తీర్మానాలు రాయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదనుకునేవాళ్లం. ఒకరోజు పచ్చళ్లు పెట్టే పక్క సంఘం అక్కలు సీసా మీద అతికించే లేబుల్ రాసిపెట్టమన్నారు. అక్కడ మొదలైంది మా పని.

లేబుల్ మీద ఏముండాలో అప్పటికి మాకూ తెలీదు. అడిగి తెలుసుకున్నాం. సరుకు పేరు, అందులో వేసినవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా, నికర బరువు, ధర, తయారైన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, చేసినవాళ్ల చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క. ఇవన్నీ ఉండాలి. మొదటిసారే మేం 250 గ్రాముల సీసాకు 500 గ్రాములని అచ్చు వేయించాం. 500 స్టిక్కర్లు చింపేసి, మా చేతి డబ్బులతో మళ్లీ వేయించాం. అప్పట్నుంచీ ఒకరు రాస్తే ఇంకొకరు పైకి చదువుతారు. గిరాకీ వాళ్లు సరేనని వాట్సాప్‌లో పెట్టాకే ప్రెస్సుకు పంపుతాం.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు అడ్మిషన్ల కరపత్రాలు, ఫ్లెక్సీలు మాకే ఇచ్చారు. పెద్ద పని దొరికిందని చిన్న పనులన్నీ వదిలేశాం. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేశాం. డబ్బులడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. అడ్వాన్సు తీసుకోలేదు, కాగితం రాయించుకోలేదు. ఆ నెల బ్యాంకు కిస్తీ మా పొదుపులోంచి అప్పు తీసి కట్టాం. ఇంట్లో వాళ్లు "ఫోను పట్టుకుని సాధించింది ఇదేనా" అన్నారు. మాట పడ్డాం గానీ పని మానలేదు.

ఇప్పుడు మా పద్ధతి వేరు. వేసవిలో స్కూళ్ల కరపత్రాలు, ముహూర్తాలున్నప్పుడు శుభలేఖలు, సంక్రాంతి ముందు పిండివంటల ఫోటోలు, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్. మధ్యలో అర్జీలు, సంఘాల లెక్కలు. ఒకటి ఆగినా ఇంకోటి నడుస్తుంది. సగం డబ్బు ముందే తీసుకుంటాం. రెండుసార్లు ఊరికే మారుస్తాం, మూడోసారికి డబ్బు తీసుకుంటాం. ఇదివరకు కాగితం ఖర్చే అడిగేవాళ్లం. ఇప్పుడు రాతకు, డిజైన్‌కు విడిగా రేటు చెప్తున్నాం. అడగడానికి మొదట్లో నోరు వచ్చేది కాదు.

ఫోటోకు పెద్ద కెమెరా అక్కర్లేదు. పొద్దున పూట గుమ్మం దగ్గర వెలుతురు, కింద తెల్లగుడ్డ చాలు. డిజైన్‌కు కాన్వా యాప్ డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. ఫోన్లో కొట్టిన తెలుగును అనూ ఫాంట్లు వాడే ప్రెస్సులో నేరుగా అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి, పీడీఎఫ్ చేసి పంపండి.

ఇంకోమాట. కొర్రల లడ్డు తింటే షుగరు పోతుందని రాయమని ఒకరు అడిగారు. రాయలేదు. తినే సరుకును మందని చెప్పి అమ్మకూడదు, చట్టమూ ఒప్పుకోదు. ఆ గిరాకీ పోయింది. మా మాట మీద నమ్మకం నిలిచింది.

చివరగా సమాఖ్యకు ఒక మనవి. మన ఆఫీసు కంప్యూటరు మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటోంది. రోజుకు రెండు గంటలు ఇప్పిస్తే, ప్రతి సంఘం నుంచి ఒక చెల్లికి మేం ఈ పని నేర్పుతాం. మన సరుకు లేబుల్ మన చేతులతోనే రాసుకుందాం.