ముసలితనమున మానవశాస్త్రము



నేను కృష్ణా మండలములోని యొక పల్లెలో పుట్టి, ఆ ప్రాంతపు పాఠశాలలలో 1978 మొదలు 2012 వరకు లెక్కలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న ఉపాధ్యాయుడను. పిమ్మట అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో స్థిరపడిన మా కుమారుని యింటికి పోయితిని. అచ్చట నా 68వ యేట కమ్యూనిటీ కాలేజి యను విద్యాలయమున చేరి మానవశాస్త్రము చదివితిని. కాటికి కాళ్ళు చాచిన వయసున ఈ చదువేల యని మీలో కొందరు నవ్వవచ్చును. మొదట నేనును నవ్వుకొంటిని. ఆ చదువు నాకేమి నేర్పినదో, మా తండ్రిగారి విషయమున నన్నెట్టి సంకటమున పడవైచినదో విన్నవించెదను.

కమ్యూనిటీ కాలేజి యనగా నేమో ముందు చెప్పవలెను. ఉన్నత పాఠశాల ముగించినవారికిని, విశ్వవిద్యాలయమునకును నడుమ అది యొక వంతెన. 1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియట్ పట్టణమున ఇట్టి ప్రభుత్వ కళాశాల మొదట వెలసినది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘము 1947లో ఇచ్చిన నివేదిక ఈ పేరును దేశమంతట వ్యాపింపజేసినది. నేడు కాలిఫోర్నియాలోనే ఇట్టివి 116 కలవు. ఇచ్చట రెండేండ్లు చదివినవారు విశ్వవిద్యాలయమున మూడవ యేటి తరగతిలో చేరవచ్చును. 18 ఏండ్లు నిండినవారిని వయసు మీరినదని త్రోసిపుచ్చరు. ఆ రాష్ట్రమున ఏడాదికి పైబడి స్థిరనివాసమున్నవారు యూనిట్టు ఒక్కింటికి 46 డాలర్ల రుసుము చెల్లింతురు. నేను తీసికొన్న పాఠ్యము మూడు యూనిట్లది.

తరగతిలో నా ప్రక్కన కూర్చున్నది, ఆసుపత్రిలో రాత్రియంతయు పనిచేసి తిన్నగా బడికి వచ్చు మెక్సికో సంతతి యువతి. వెనుకవాడు లారీ నడపువాడు. ముందువాడు సైన్యమునుండి విడుదలై వచ్చినవాడు. ఉపాధ్యాయురాలు నా శిష్యులకన్న చిన్నది. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచెడిది. 34 ఏండ్లు "మాస్టారూ" అనిపించుకొన్న చెవికి అది కొన్నాళ్ళు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. అచ్చటి మర్యాద అదియే యని తరువాత తెలిసికొంటిని.

మానవశాస్త్రమునకు ఆ దేశమున నాలుగు శాఖలు చెప్పుదురు. మనుష్యుని దేహమును గూర్చినది యొకటి, భూమిలో పూడిన పాత వస్తువులను గూర్చినది రెండవది, భాషను గూర్చినది మూడవది, ఆచారవ్యవహారములను గూర్చినది నాలుగవది. ఈ శాస్త్రము పుట్టుకనుండియు నిర్మలమైనది కాదని ఉపాధ్యాయురాలు మొదటి వారములోనే చెప్పినది. పూర్వము తలలును ముక్కులును కొలిచి, జాతుల హెచ్చుతగ్గులు నిర్ణయింప జూచిరి. మన మద్రాసులో మ్యూజియము అధికారిగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ దొర కూడ కొలబద్దలు పట్టుకొని తిరిగినవాడే. కె. రంగాచారిగారి సాయముతో ఆయన 1909లో దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు వెలువరించెను. తరువాత, జర్మనీనుండి అమెరికాకు వచ్చిన ఫ్రాంజ్ బోయాస్ పండితుడు వలస కుటుంబములవారిని సుమారు 18 వేల మందిని కొలిచి, ఆ దేశమున పుట్టిన బిడ్డల తల ఆకారము తల్లిదండ్రుల దానివలె ఉండుట లేదని 1911లో ప్రకటించెను. మారదనుకొన్నది ఒక్క తరములో మారినదన్నమాట. కొలబద్ద గొప్పలు అంతటితో సన్నగిల్లజొచ్చెను.

అదే 1911వ సంవత్సరము ఆగస్టు నెలలో, కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణముకడ, ఒక పశువధశాల ప్రాంగణమున, ఆకలిచే కృశించిన ఒక మనుష్యుడు కనబడెను. అతడు యాహి యను తెగవాడు. బంగారము కొరకు వచ్చి చేరిన తెల్లవారు అతని జాతిని వేటాడి చంపగా, మిగిలిన కొలదిమంది నలువది యేండ్లకు పైగా కొండలలో దాగియుండి ఒక్కొక్కరే గతించిరి. కడపటివా డితడు. అచ్చటి షెరీఫు అతనిని కారాగృహమున నుంచెను. విశ్వవిద్యాలయపు పండితులు సాన్ ఫ్రాన్సిస్కోలోని తమ మ్యూజియమునకు తీసికొనిపోయిరి. తన పేరు తాను చెప్పుకొనుట వారి తెగలో ఆచారము కాదు. చెప్పుటకు మరియొకరు మిగిలి యుండలేదు. కావున ఆల్ఫ్రెడ్ క్రోబర్ పండితుడు, వారి భాషలో "మనిషి" యను అర్థమిచ్చు "ఇషి" యను మాటతో పిలిచెను. ఇషి మ్యూజియములోనే కాపురముండి, బాణములు చెక్కి చూపుచు, తన భాషను చెప్పుచు, 1916లో క్షయవ్యాధిచే మరణించెను. క్రోబర్ అప్పుడు ఊర లేడు. శవమును కోయరాదని ఆయన జాబు వ్రాసినను, వైద్యులు కోసి మెదడును తీసిరి. మరుసటి యేట ఆ మెదడును వాషింగ్టను నగరపు మ్యూజియమునకు పంపించినవాడు ఆ క్రోబరే. అది 2000వ సంవత్సరమున గాని ఇషి బంధుజాతుల వారికి తిరిగి చేరలేదు. బర్క్‌లీలో క్రోబర్ పేరిట నుండిన భవనమునకు 2021లో ఆ పేరు తొలగించిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేరు తెలియక "మనిషి" యని పిలువబడిన ఆ మనిషిని తలచినపుడెల్ల, మా పొలము గట్టుమీది వేరొకడు కన్నులకు కట్టుచుండెను. మా ఊరి చివర కాలువ ప్రక్క యానాదుల గుడిసెలుండెడివి. అందొకడు ఏటేట కోతలనాటికి మా చేలలో ఎలుకలు పట్టుటకు వచ్చెడివాడు. కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కన్నములోనికి పొగ ఊది, వెలికి వచ్చిన ఎలుకలను పట్టెడివాడు. నా చిన్ననాటినుండి వానిని చూచితిని. మా యింట అందరును "ఒరే యానాదీ" అని పిలుతురు. వాని పేరు నాకు తెలియదు. కడలి ఆవలి ఇషి పేరు కొరకు విచారించుచున్న నాకు, మా చేనిలోని మనిషి పేరు తెలియదు!

నెలాఖరున ఉపాధ్యాయురాలు ఒక పని పెట్టినది. ప్రతి విద్యార్థియు ఒక మనిషితో గంటసేపు మాటలాడి, ఆతని పనిని గూర్చి ఆతని మాటలలోనే వ్రాయవలెను. దానికి మూడు కట్టుబాట్లు. వ్రాయుచున్నామని ముందే చెప్పి ఒప్పుదల పొందవలెను. కోరినచో పేరు మార్చవలెను. వ్రాసినది వారికి చదివి వినిపించి, దిద్దిన చోట దిద్దవలెను.

నేను మా ఊరి మిత్రునితో చెప్పి, ఆ యానాది పెద్దను ఫోనులో పిలిపించితిని. ఆయన నాకంటె ఏడెనిమిదేండ్లు పెద్ద. ఇంగ్లీషులో అందరికిని ఒక్కటే మాట చెల్లును. తెలుగులో అట్లు కాదు గదా. ఏమని సంబోధించుటయా యని క్షణము తడబడి, "మీరు బాగున్నారా?" యంటిని. అవతల చాలసేపు మాట లేదు. తరువాత, "ఎవరితో మాట్లాడుతున్నారండీ మేష్టారూ?" అని వినబడెను. పరిహాసము కాదు. నిజముగనే వేరెవరినో పలుకరించుచుంటినని ఆయన యనుకొనెను. ఆ ప్రశ్నకు నాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు.

ఆ దినమున ఆయన పేరు తెలిసికొంటిని. ఇచ్చట చెప్పను. చెప్పవద్దని ఆయన కోరినాడు. ఎలుక కన్నమునకు ఎన్ని ద్వారములుండునో, గాలివాటు చూచి ఏ ద్వారమున పొగ పెట్టవలెనో, నీరు కట్టిన చేలో ఎలుక ఏ గట్టుకు చేరునో గంటకు మించి చెప్పెను. లెక్కల ఉపాధ్యాయుడనైన నాకు అంతటి లెక్క ఆ మట్టిలో గలదని తెలియదు.

వారము దినములకు నేను వ్రాసినదానిని తెలుగున చదివి వినిపించితిని. కన్నములలో ఎలుకలు దాచుకొన్న వడ్లు యానాదులకే చెందుట మా ప్రాంతపు వాడుక. నేను, "మా తండ్రిగారు ఆ వడ్లు ఇతనికి దయతో ఇచ్చెడివారు" అని వ్రాసితిని. అచ్చట ఆయన నన్ను ఆపెను.

"ఇచ్చారని రాశారు. ఇచ్చిందెవరండీ? కూడబెట్టింది ఎలక, తవ్వింది నేను."

నేను నవ్వి దిద్దుకొంటిని. కాని ఆయన మాట ముగియలేదు. "తుపాను మరుసటేడు మాత్రం సగం కొలిపించుకున్నారండి మీ నాయనగారు. పిల్లలు గంజి తాగి పడుకున్నారు. అదీ రాసుకోండి."

ఆ తుపాను 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన. ఆ మరుసటి కోతలనాటికి నేను ఉద్యోగమున చేరి పరవూర నుంటిని. ఆ కరవున మా యింటను వడ్లు లేవు. అది నిజమే. అయినను మా పెరటి కొట్టునకు గొళ్ళెముండెడిది, అప్పిచ్చువా రుండెడివారు. ఆయనకు ఎలుక కన్నము దక్క వేరు గాదె లేదు.

మా తండ్రిగారు గతించి చాలకాల మైనది. ఊర ధర్మాత్ముడని పేరు. మాకు చదువులు చెప్పించినవారు. కొడుకే కూర్చుండి, పరాయి దేశమున, పరాయి భాషలో, తండ్రి తప్పు వ్రాయుట ధర్మమా? రెండు రాత్రు లాలోచించి, ఆ వాక్యము వదలివేయవచ్చునా యని ఉపాధ్యాయురాలి నడిగితిని. ఆమె, చెప్పినవానికి కీడు కలుగునేని అతడు కోరగా తీసివేయవచ్చుననియు, వ్రాయువానికి బాధ కలుగునని తీసివేయరాదనియు మెల్లగా చెప్పినది. నేను వ్రాసితిని. మా తండ్రిగారికి గాదె నింపిన చేతులు ఎవరివో అదియు వ్రాసితిని. వ్రాసినందున ఆయనపై నాకు భక్తి తగ్గలేదు. ఆయన దేవుడు కాక మనిషియైనారు, అంతియే.

మరుసటి సంక్రాంతికి ఊరికి వచ్చి, బస్తా వడ్లు బండిలో వేయించుకొని ఆ పెద్ద యింటికి పోయితిని. ఆయన బస్తాను చూచి, "ఇప్పుడెందుకండీ? ఎలకలు చేరతాయి" అని నవ్వెను. పిదప, "ఆ కాగితం మాత్రం తెలుగులో రాసివ్వండి, మా మనవడు చదువుకుంటాడు" అనెను. బస్తా కోడలు లోనికి తీసికొన్నది. కాగితము నేను అరుగుమీద కూర్చుండి వ్రాసి యిచ్చితిని. ఆ బాలుడు ఒక్కొక్క పంక్తియు బిగ్గరగా చదువుచుండగా, తాత మధ్యమధ్య తల యూపుచు వినెను. సగము వడ్ల సంగతి వచ్చినపుడు ఆ బాలుడు చదువుట ఆపి నా ముఖము చూచెను. "చదువు నాయనా" యంటిని.

పెద్దలారా, ఈ శాస్త్రము నేర్చుటకు కాలిఫోర్నియా పోనక్కరలేదు. యానాదులను గూర్చి నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లోనే గ్రంథము వ్రాసిరి. హైదరాబాదు చేరువ శామీర్‌పేటను గూర్చి ఎస్.సి. దూబేగారు వ్రాసిన గ్రంథము 1955లో వెలువడినది. మీ యూరిని గూర్చి వ్రాయవలసినవారు మీరే. మీ చేలోను, మీ వాకిటను నలువది యేండ్లుగా పనిచేయుచున్న వారిలో పేరు తెలియని వారెందరో ఒకసారి లెక్క చూచుకొనుడు. అందొకరిని పిలిచి, పీట వేసి, "మీరు" అని పలుకరించి, వారి పనిని గూర్చి అడుగుడు. విన్నదానిని వ్రాసి వారికి చదివి వినిపించుడు. ఎచ్చట ఆపుదురో అచ్చట ఆగుడు.

సెలవు.