ఆపరేషన్ అయ్యాక కూడా



ఒక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. చిన్నకోడలికి 21 ఏళ్లు. పెద్దకోడలికి 33 ఏళ్లు. అత్తకు 48 ఏళ్లు. ముగ్గురి అవసరం ఒకటి కాదు.

చిన్నకోడలికి చంటిబిడ్డ ఉంది. రెండో కాన్పుకు ఎడం కావాలి. అందుకు కాపర్-టి ఉంది. కాన్పయిన 48 గంటల లోపు వేస్తారు. అప్పుడు కుదరకపోతే ఆరు వారాలు దాటాక వేస్తారు. వద్దనుకున్న రోజు తీసేస్తారు. మూడు నెలలకు ఒకసారి వేసే అంతర సూది కూడా ఉంది. మాలా-ఎన్ బిళ్ల రోజూ మింగాలి. పాలిచ్చే తల్లి మాత్రం మొదటి ఆరు నెలలు దాన్ని వాడకూడదు. మగవాడు నిరోధ్ వాడవచ్చు. ఎయిడ్స్ రాకుండా కూడా అది కాపాడుతుంది.

పెద్దకోడలు 23 ఏళ్లకే ఆపరేషన్ చేయించుకుంది. మన దగ్గర ఇదే ఎక్కువ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే తేలిక. అయినా మగవాళ్లు ముందుకు రారు!

ఆపరేషన్ అయింది కదా, ఇక ఆస్పత్రితో పనేముంది అనుకుంటుంది పెద్దకోడలు. అక్కడే ఉంది చిక్కు. ఆపరేషన్‌లో గొట్టాలను మూసేస్తారు, అంతే. గర్భసంచి అలాగే ఉంటుంది. దాని మూతీ అలాగే ఉంటుంది. క్యాన్సర్ వచ్చేది ఆ మూతికి. అది ఒక్కరోజులో రాదు. ముందు అక్కడి చర్మం మారుతుంది. అది క్యాన్సర్ కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆలోగా కనిపెడితే చిన్న వైద్యంతో ఆగిపోతుంది.

పరీక్షకు కోత లేదు, మత్తు లేదు. సిరకా లాంటి మందు మూతికి రాస్తారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లమచ్చ కనబడుతుంది. 30 ఏళ్లు నిండినవాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. అప్పుడే రొమ్ములు కూడా చూపించుకోవాలి. అదే సర్వేలో, దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ మూతి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

తెల్లబట్ట అవుతోందని భయపడి కొందరు గర్భసంచే తీయించుకుంటున్నారు. తెల్లబట్టకు చాలాసార్లు మందులు చాలు. ముందు పరీక్ష అడగాలి. తీసేయాలని ఒక డాక్టరు చెబితే, ఇంకో డాక్టరుకు కూడా చూపించాలి.

ఇక అత్త సంగతి. ఆమె ఆపరేషన్ చేయించుకోలేదు. నాలుగు నెలలుగా ముట్టు రాలేదు. అంతమాత్రాన గర్భం రాదని చెప్పలేం. ఆమెకు చుట్ట అలవాటు ఉంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగేవాళ్లు ఎంతమంది లేరు! 35 దాటి పొగ తాగేవాళ్లు మాలా-ఎన్ వాడకూడదు. గుండెకు ముప్పు. కాపర్-టి అయితే ఆమె వేయించుకోవచ్చు. ముట్టు పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే, ఒక్క చుక్కయినా సరే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.