ఊగే పట్టీలు, నిలిచే నడుము

1997లో అమెరికా నౌకాదళ కమాండో ర్యాండీ హెట్రిక్ విదేశంలో విధుల్లో ఉన్నాడు. వ్యాయామశాల అందుబాటులో లేదు. దగ్గరున్న జుజుత్సు బెల్టుకు పారాచూట్ పట్టీ జతచేసి దానితోనే కసరత్తు చేశాడు. పైనుంచి వేలాడదీసి కసరత్తు చేసే నేటి టీఆర్ఎక్స్ పట్టీలకు మూలం అదే.

నేలమీద దండీలు తీస్తే చేతుల కింద నేల కదలదు. పట్టీలు అలా కాదు, ఊగుతాయి. ఆ ఊపును ఆపే పని పొట్ట, నడుము, పిరుదుల కండరాలది. పొట్ట లోపలి పొరలో నడికట్టులా చుట్టుకుని ఒక కండరం ఉంది. వెన్నుకు అది పెద్ద ఆసరా.

మొదట పట్టీలు పట్టుకుని వెనక్కి వాలండి. ఛాతీని చేతుల వైపు లాక్కోండి. నిటారుగా నిలబడితే తేలిక, పాదాలు ముందుకు జరిపేకొద్దీ కష్టం. వేరే బరువులు కొనక్కర్లేదు. ఇది అలవాటయ్యాకే ప్లాంక్: మోచేతులు నేలమీద, పాదాలు పట్టీల్లో, తల నుంచి మడమల దాకా ఒకే గీత. నడుము కిందికి జారిందంటే అక్కడితో ఆపేయాలి. ఆపైన భారం వెన్నుమీద పడుతుంది. నిమిషంసేపు వంకరగా ఉండే ప్లాంక్ కన్నా 10 సెకన్ల సరైన ప్లాంక్ ఎంతో మేలని నా గట్టి నమ్మకం. ఊపిరి మాత్రం బిగబట్టకండి.

నడుం నొప్పి, భుజం నొప్పి, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. పట్టీలను ఫ్యాను కొక్కేనికి ఎప్పుడూ కట్టవద్దు. గట్టి దూలానికి కట్టి, ఒకసారి బలంగా లాగి చూశాకే మొదలుపెట్టండి.