విదురుడు పంపిన ఖనకుడు



నిన్నటి సాయంకాలము పాండవులు హస్తినాపురము విడిచి వారణావతమునకు బయలుదేరుట వరకు చెప్పుకొంటిమి. నేడు లక్కయింటి కథ. ఈ కథలో భీముని బలము అందరికిని జ్ఞాపకముండును. పురోచనుని కపటము జ్ఞాపకముండును. విదురుడు ముందుగా హెచ్చరించెనని పిల్లలు సైతము చెప్పగలరు. కాని ఆ హెచ్చరిక వెనుక ఒక గునపము, ఒక పార, ఎన్నో రాత్రుల చెమట ఉన్నవని తలచువారు తక్కువ. నేడు మనము ఆ గునపము వద్ద కొంతసేపు నిలువవలసి యున్నది. మొన్న ఉపన్యాసము ముగిసిన పిదప ఒక భక్తుడు అడిగిన ప్రశ్నకు సమాధానము అచ్చటనే యున్నదని మాకు తోచినది.

ఆయన ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలో చిరకాలముగా ఏ.ఈ.గా పనిచేయుచున్నారు. ఏ శాఖయో, ఏ జిల్లాయో చెప్పుట అనవసరము. "అయ్యా, తోటి ఉద్యోగికి నేనొక సలహా చెప్పాను. అతను విన్నాడు. దానివల్ల ఒక ఊరు వానాకాలమంతా కష్టపడింది. నేను చెప్పింది ధర్మమేనా?" అని వారు అడిగిరి.

సంగతి యిది. వారి పొరుగు సెక్షనులో ఉద్యోగములో చేరి రెండేండ్లైనను నిండని చిన్నవాడొకడు ఏ.ఈ.గా ఉండెను. అతని పరిధిలో ఒక పిల్లవాగు మీద కల్వర్టు మంజూరైనది. ఇవతలి గట్టున ఊరు, అవతలి గట్టున బడి. పని ఆలస్యముగా మొదలైనది. మార్చి చివరి వారము నాటికి ఇరువైపుల గోడలు లేచినవి. సెంట్రింగు కొట్టి ఇనుము కట్టిరి. స్లాబు మాత్రము పోయలేదు. మార్చి 31 దాటినచో ఆ సంవత్సరపు నిధులు మురిగిపోవును. పై అధికారి ఆ చిన్నవానిని పిలిచి, స్లాబు పోసినట్లే ఎం.బుక్కులో కొలతలు వ్రాసి పూర్తి బిల్లు పంపుమనెను. ఇందులో లంచము మాట లేదు. "ఏమయ్యా, ఏప్రిల్లో ఎలాగూ పోస్తారు కదా. నీ ఒక్క సంతకం కోసం పిల్లలు వాగులో నడవాలా?" అనెను.

చిన్నవాడు ఆ మధ్యాహ్నము టిఫిను డబ్బా మూత తీయకుండ ఈ పెద్దాయన యెదుట కూర్చుండెను. "గురువుగారూ, మీరైతే ఏం చేస్తారు?" అనెను.

దొంగసొమ్ము పంచుకొనుమని అడిగినప్పుడు కాదనుట తెలిసిన విషయమే. అది సందేహము కాదు, పరీక్ష మాత్రమే. మంచిపని కొరకు ఒక అబద్ధము వ్రాయుమన్నప్పుడు కలుగునదే నిజమైన ధర్మసందేహము. ఇట్టిది బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, కంపెనీలోనో మీ ప్రక్క బల్లవానికి ఏదో ఒకనాడు వచ్చును. అతడు వచ్చి మిమ్ము అడుగును. అప్పుడు నోటికి వెంటనే తోచు సమాధానములు రెండు.

"పెట్టేయవయ్యా, అందరూ పెట్టేదే" అనునది మొదటిది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల గుట్టు బయటపడిన సంగతి మీకు తెలియును. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా తేల్చిన పదిమందిలో సంస్థ పెద్దలే గాక, క్రింది స్థాయి ఉద్యోగులును ఉండిరి. వారు అప్పీలు చేసికొనిరి. ఆ మంచిచెడ్డలు పై న్యాయస్థానము చూచుకొనును. ఎవరు చెప్పగా పెట్టినను సంతకము పెట్టినవానిదే యగునని మనము గమనించిన చాలును.

రెండవ సమాధానము వినుటకు గొప్పగా నుండును. "ప్రాణం పోయినా పెట్టకు. ఢిల్లీ దాకా రాసెయ్!" అనుట. అనినవాడు ఇంటికి పోయి, భోజనము చేసి నిద్రించును. విన్నవానికి నిద్ర పట్టదు. రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దుబే పనులలోని అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాయుచు, తన పేరు గోప్యముగా నుంచుడని కోరెను. ఆ లేఖ పేరుతో సహా కార్యాలయముల మధ్య తిరిగినది. 2003 నవంబరు 27న ఆయన గయలో హతుడయ్యెను. హత్య దోపిడి కొరకు జరిగినదని న్యాయస్థానము తేల్చినది. అయినను ఆ పేరు దాచకపోవుట దేశమును కలచివేసినది. అటుపిమ్మట, 2004లో, ఫిర్యాదుదారుని పేరు రహస్యముగా నుంచుచు అట్టి ఫిర్యాదులు స్వీకరించు అధికారము కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇయ్యబడినది. ఆ మహానుభావుని ధైర్యము ఆయన సొంతము. పరుల ప్రాణము పణముగా పెట్టి మనము ధైర్యము ఉపదేశించుట వేరు సంగతి.

ఇప్పుడు విదురుని చూడుడు. ఆయనయు ఒక విధముగా ఉద్యోగియే; ధృతరాష్ట్రుని మంత్రి. కుట్ర పన్నినది సాక్షాత్తు ప్రభువు కుమారుడు. పాండవులను సాగనంపుటకు పౌరులందరు వచ్చిన వేళ, అంత జనసందోహములో విదురుడు ధర్మరాజునకు మాత్రమే అర్థమగు మ్లేచ్ఛభాషలో మాటలాడెనని వ్యాసభగవానుడు చెప్పెను. కార్చిచ్చు రేగినను బొరియలోని ప్రాణి బ్రదుకు విధమును సూచించెను. ప్రక్కనే యున్న కుంతీదేవికిని ఆ మాట అంతుపట్టక, తరువాత కుమారుని అడిగి తెలిసికొనవలసి వచ్చెను. తోటి ఉద్యోగి తన కష్టము మనకు చెప్పినప్పుడు అది సాయంకాలమునకు క్యాంటీనులో టీతోపాటు పంచబడుట ఎన్ని కార్యాలయములలో చూచుట లేదు! మన భక్తుడు ఆ రోజు ఎవరితోను, ఇంట భార్యతో సైతము, ఈ మాట అనలేదట.

విదురుడు అంతటితో తన పని ముగిసినదనుకొనలేదు. కొంతకాలమునకు వారణావతమునకు ఒక ఖనకుని, అనగా సొరంగము త్రవ్వు నేర్పరిని, పంపెను. ధర్మరాజు నమ్ముటకు గుర్తుగా, ఆ రహస్యభాషలో మాటలాడిన సంగతిని అతనిచేత చెప్పించెను. వాకిటనే పురోచనుడు కాపురమున్నాడు. లోపల ఖనకుడు నేల త్రవ్వి, కలుగు నోటికి పలకలు పరచి, నేలతో సమముగా కనబడునట్లు చేసెను. పాండవులు సుమారొక సంవత్సరము ఆ యింటనే, పగలు వేటకు తిరుగుచు, రాత్రులు ఆయుధములతో మేలుకొని గడపిరి. కేవలము "జాగ్రత్త నాయనా" అని ఊరకున్నచో విదురుని నీతి ఎవరిని బ్రదికించెడిది?

మన పెద్దాయన చేసినది అట్టి త్రవ్వకమే. శాస్త్రవచనములు చెప్పలేదు. "నీవు నీ కళ్లతో చూసిందెంత, విన్నదెంత?" అని అడిగెను. మరునాడు తెల్లవారుజామున తన బండి మీద ఆ చిన్నవానిని వెంటబెట్టుకొని వాగు వద్దకు పోయెను. టేపు ఒక కొన ఆయన పట్టెను, రెండవ కొన చిన్నవాడు పట్టెను. పునాదులు, గోడలు, కట్టిన ఇనుము, అన్నియు కొలిచిరి. ఎం.బుక్కు సంగతి తెలిసినవారు ఇచ్చట చాలమంది ఉన్నారు. అందులో పుటలకు వరుస సంఖ్యలుండును, చెరిపివేయరాదు, తప్పు పడినచో అడ్డముగా గీత గీసి, తేదీతో పొడి సంతకము చేయవలెను. కొలిచిన తేదీయు, కొలిచినవాని చేవ్రాలును అందుండును. పోయని స్లాబుకు ఒకసారి కొలత వ్రాసినచో, తరువాత ఆ స్లాబు క్రుంగి ఒక బిడ్డకు ప్రమాదము జరిగిననాడు, అది లేని రోజున దానిని కొలిచితినని ఆ పుట శాశ్వతముగా చెప్పుచుండును. మరియొకటి. పూర్తి డబ్బు ముందే ముట్టిన కాంట్రాక్టరు ఏప్రిల్‌లో తిరిగి వచ్చునని పూచీ ఎవరిది? సెంట్రింగు చెక్కలు వేరొక పనికి తరలిపోవుటకు ఎన్నో రోజులు పట్టదు.

కావున ఉన్నంతకు కొలతలు వ్రాసిరి. అంతకు పార్ట్ బిల్లు సిద్ధపరచిరి. మిగిలిన పనికి మరుసటి సంవత్సరము నిధులు కేటాయింపుమని ఫైలులో నోట్ వ్రాసిరి. పై అధికారి నోటిమాటగా ఆజ్ఞాపించినచో దానిని వ్రాతపూర్వకముగా ధ్రువపరచుమని కోరవలెనని 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమములలోనే యున్నది. అడుగుట ధిక్కారము కాదు. అయినను మన పెద్దాయన ఆ కాగితమును చివరి ఆయుధముగా దాచియుంచుమనెను. చిన్నవాడు ఆవేశములో నోట్‌లో వ్రాసిన రెండు ఘాటైన వాక్యములు కొట్టివేయించెను. పిదప అధికారి గదిలోనికి ఇద్దరును కలిసియే పోయిరి. "మీకేం పని ఇక్కడ?" అని అధికారి కేకలు వేసెను. "వీడితో కొలతకి నేనూ వెళ్లాను సార్" అని ఈయన చెప్పెను. ఆ ఒక్క మాటతో ఆ సంకటము ఒక్కనిది కాక ఇద్దరిదైనది. అధికారియు దుర్మార్గుడు కాదు. అతని మీద మరొకరి ఒత్తిడి యున్నది.

అయినను చిన్నవాని మనసులో ముల్లు అట్లే యుండెను. మంచిపనికే గదా, తప్పేమి యని. దీనికి భక్తులమైన మనకు భద్రాద్రిని మించిన దృష్టాంతము లేదు. కంచర్ల గోపన్నగారు గోలకొండ ప్రభువు తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో శ్రీరాములవారికి కోవెల కట్టించిరి. అంతకంటె పవిత్రమైన ఖర్చు లేదు. చెరసాల తప్పినదా? పండ్రెండేండ్లని ఐతిహ్యము. తుదకు స్వామి లక్ష్మణసమేతుడై వచ్చి ఏమి చేసెనని మన పెద్దలు చెప్పుదురు? ఇది నా గుడి గదా, పద్దు కొట్టివేయుమనలేదు. ఆరు లక్షల మాడలు లెక్కించి చెల్లించెను. రసీదు తీసికొనెను! సర్వలోకేశ్వరుడు రసీదు తీసికొన్న చోట మన ఎం.బుక్కు ఎంతటిది?

ఈ నడుమ ఇంకొక చిక్కు వచ్చినది. "నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి పో. ఇన్‌ఛార్జి చేత పెట్టిస్తాం" అని అధికారి దయతోనే దారి చూపెను. ఇన్‌ఛార్జి యనగా మొన్ననే ఉద్యోగములో చేరిన ఒక అమ్మాయి. చిన్నవానికి ఆ మాట చల్లగా తోచినది.

లక్కయిల్లు కాలిన రాత్రి అందులో ఎవరు కాలిరో జ్ఞాపకము చేసికొనుడు. పురోచనుడు ఒక్కడే కాదు. భోజనమునకు వచ్చి, మద్యము సేవించి, ఆదమరచి నిద్రించిన ఒక నిషాద స్త్రీయు, ఆమె ఐదుగురు కుమారులును ఉండిరి. ఆ ఆరు దేహములను చూచియే లోకము పాండవులు మరణించిరని నమ్మెను. వ్యాఖ్యాతలు దీనికి ఏ సమాధానము చెప్పినను, ఈ ఘట్టము చెప్పునప్పుడెల్ల మాకు గొంతు పట్టుకొనును. మనము సొరంగము గుండ బయటపడితిమి సరే, మన పడకల మీద ఎవరు నిద్రించుచున్నారు? పెద్దాయన చిన్నవానితో, "నువ్వు సెలవు పెడితే నీ సంతకం పోదు. ఆ అమ్మాయి మీద పడుతుంది" అనెను. చిన్నవాడు సెలవు పెట్టలేదు. రెండు రోజులు ఫైలు కదలలేదు. 31వ తేదీ మధ్యాహ్నము అధికారి పార్ట్ బిల్లు మీదనే సంతకము చేసి పంపెను.

ఇక వారు అడిగిన ప్రశ్న. ఆ వానాకాలము పిల్లలు నీళ్లలోనే నడిచిరి. తూములు పరచి వేసిన తాత్కాలికపు దారి రెండుసార్లు కొట్టుకొనిపోయినది. ధర్మము నడపితిమి గనుక ఎవరికిని కష్టము కలుగలేదని మేము చెప్పము. అట్లు చెప్పుట మరియొక తప్పుడు కొలత. కష్టము కలిగినది. కాని ఆ లెక్కలో పని ఆలస్యముగా మొదలిడినవారి పద్దున్నది, నిధులు ఆఖరి నెలలో విడుదల చేసినవారి పద్దున్నది. లేని స్లాబును లేదని వ్రాసినవాని పేర అంతయు వ్రాయుట న్యాయము కాదు. సత్యము చెప్పినవానికి మిగులు బాధ్యత వేరు: ఆ కష్టమును చూచి ముఖము త్రిప్పుకొనకుండుట. దారి కొట్టుకొనిపోయిన రెండుసార్లును వీరిద్దరు సర్పంచి యింటికి పోయి, మనుషులను పోగుచేసి, తూములు మరల నిలిపిరి.

సొరంగము దాటి వచ్చిన పాండవులకు ఎదుట గంగ అడ్డమైనది. చీకటి, దూరప్రయాణము. ఆ గట్టున ఒక మనిషి పడవతో కనిపెట్టుకొని యుండెను. అతనిని పంపినవాడును విదురుడే! ఖనకునితోనే సరిపెట్టినచో వారు గట్టు మీదనే నిలిచిపోయెడివారు. జూన్ నెలలో మన చిన్నవానికి దూరప్రాంతమునకు బదిలీ యైనది. ఇందుకే యని ఎవరును అనలేదు, కాదనియు అనలేదు. పెద్దాయన అచ్చట తనకు తెలిసినవారి ద్వారా అద్దె యిల్లు చూపించెను. ప్రతి ఆదివారము ఫోను చేయుచుండెను. మరుసటి ఫిబ్రవరిలో స్లాబు పోసిన రోజున చిన్నవాడు సెలవు పెట్టి బస్సెక్కి వచ్చెనట. కొలత వ్రాయు అధికారము ఇప్పుడు వేరొకరిది. వచ్చినవాడు ఊరక టేపు ఒక కొన పట్టుకొనెను.

పాండవులు గంగ దాటిరి. ఆవలి గట్టున అడవి, అలసట, భీముని భుజముల మీద తల్లియు తమ్ములును. రేపటి సాయంకాలము ఆరు గంటలకు హిడింబవనము మొదలుకొని చెప్పుకొందము.