ఓటో పెల్ట్‌సర్ పరుగు

1926 సెప్టెంబరు 11న బెర్లిన్‌లో 1500 మీటర్ల పందెము జరిగెను. బరిలో ఫిన్లాండు జగజ్జెట్టి నుర్మి ఉండెను. ఆ దినములలో ఆయనను ఓడించుట మాటలు కాదు. అయినను జర్మను ఉపాధ్యాయుడు ఓటో పెల్ట్‌సర్ తుదిక్షణములలో అందరిని దాటి, 3 నిమిషముల 51 సెకండ్ల ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే యేట లండనులో అర్ధమైలు రికార్డు కూడ ఆయనదే అయ్యెను.

ఆ కీర్తి ఆయనను కాపాడలేదు. పురుషుల మధ్య ప్రేమను నేరముగా నెంచిన చట్టము క్రింద నాజీలు 1935లో చెరసాలకు పంపిరి. 1941 నుండి 1945 దాక మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరములో ఎట్లో బ్రదికెను. నాజీలు పోయిరి గాని, ఆ చట్టము 1969 దాక సడలలేదు. స్వదేశము ఆయనను వెలివేసినట్లే చూచెను.

1956 మెల్బోర్న్ ఒలింపిక్సు తరువాత మన దేశము చేరి, ఢిల్లీలో కుర్రవాండ్రకు పరుగు నేర్పెను. 1967లో గుండెజబ్బుతో జర్మనీకి మరలి, 1970లో అచ్చటనే కన్నుమూసెను.